మా ఆయన మైకులో చదివిన పేరు

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళని నా జీవితంలో చాలామందినే చూశాను. వాళ్ళలో సరైన కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఒక్కరూ కనబడలేదు. టాటానగర్‌లో మేముండే మాంగో పేటలో మా వీధి చివర ఒకాయన, బ్రిడ్జి మీద తెల్లచీర ఆవిడ కనిపించిందని రెండేళ్ళు చెప్పుకు తిరిగాడు. ఒకరోజు మా అన్నయ్య వెళ్ళి చూస్తే అది కరెంటు స్తంభానికి చుట్టుకున్న ఖాళీ సిమెంటు బస్తా. అయినా ఆయన మాట మార్చుకోలేదు. ఆ రోజు ఆవిడ రాలేదన్నాడు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేశాను. స్లయిడు మీద కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. దెయ్యాలు, పూనకాలు, కలలో కనిపించి చెప్పారు అనే కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. కింద రాసింది ఇంకెవరైనా నాకు చెప్పి ఉంటే అలాగే లేచి వెళ్ళిపోయేదాన్ని. నా ఇంట్లో జరిగింది కాబట్టి వెళ్ళడానికి చోటు లేక రాస్తున్నాను.

ముందు మా ఆయన గురించి చెప్పాలి. టాటానగర్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయిన మగవాళ్ళు కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు షుగరు పెంచుకుంటారు. ఈయనకి పట్టుకున్న జబ్బు వేరు. పొద్దున్న పళ్ళు తోముకోకముందే ఫోను తీసి, ఈ తారీఖున సంగీతంలో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ గ్రామఫోను ప్లేటు మొదటిసారి బయటికొచ్చింది అని తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాలి. పెట్టేదాకా కాఫీ దిగదు.

ఈయనకి సంగీతం వచ్చనుకునేరు. స ఎక్కడుందో ప ఎక్కడుందో తెలియదు. ఏ రాగం విన్నా 'బాగుంది, భక్తిగా ఉంది' అంటారు. ఎప్పుడో పోయిన వీణ విద్వాంసుడి వర్ధంతి నోటికి చెబుతారు గానీ మా పెళ్ళిరోజు ఏ నెలలోనో అడిగితే సీలింగు ఫ్యాను వైపు చూస్తారు. నా పుట్టినరోజు ఆయనకి ఇంతవరకూ తెలియదు. నేను పాడకపోవడమే నా తప్పు కాబోలు.

గ్రూపులోవాళ్ళు ఈయనకి తగినవాళ్ళే. జయంతి అన్నా దండం బొమ్మే, వర్ధంతి అన్నా దండం బొమ్మే. ఒకసారి ఒక మహానుభావుడు, చచ్చిపోయిన గాయకుడి ఫొటో కింద కేకు బొమ్మ పెట్టి 'నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి' అని రాశాడు. దానికి ఇంకో పదిమంది దండాలు పెట్టారు. మా ఆయన కూడా పెట్టారు.

కిందటి ఎండాకాలంలో ఈ జబ్బు ముదిరి మైకు దాకా వచ్చింది. ఒకే తారీఖున ఒక గాయని పుట్టినరోజు, ఒక విద్వాంసుడి వర్ధంతి, ఏదో తొలి గ్రామఫోను ప్లేటు వచ్చిన రోజు కలిశాయట. ఆ తారీఖు ఆదివారం కూడా అయింది. ఇంకేముంది, అగ్రికోలో ఒక హాలు మాట్లాడి, ఉప్మా చెప్పి, 'ఒకే రోజు సంగీత వైభవం' అని బ్యానరు కట్టారు. ఒకరు పుట్టినందుకూ ఉప్మా, ఒకరు పోయినందుకూ ఉప్మా. మా ఆయన గొప్ప ఏమిటంటే, చేతిలో కాగితం లేకుండా అన్నీ నోటికి చెప్పడం.

ఇక మా నాన్న గురించి. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఇది లేకపోతే మిగిలింది అర్థం కాదు.

మా నాన్న సిక్కోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో ఖలాసీగా చేరాడు. పేరు అప్పలస్వామి. మా తాతల నాటి నుంచీ మాది సన్నాయి మేళం. ఫ్యాక్టరీలో చేరినా నాన్న సన్నాయి వదల్లేదు. పెళ్ళిళ్ళ కాలం వస్తే సెలవు పెట్టి మేళానికి వెళ్ళేవాడు. నేను బడికి వెళ్ళే రోజుల్లో ఒకనాడు అలాగే సన్నాయి సంచి భుజాన వేసుకుని, రాయగడ వైపు ఏదో పెళ్ళికని రైలెక్కాడు. పెళ్ళివారింటికి చేరలేదు. మా ఇంటికి తిరిగి రాలేదు.

మేము అప్పుడు గోల్‌మురిలో ఉండేవాళ్ళం. కుళాయి దగ్గర ఆడవాళ్ళకి అంతకన్నా రుచైన సంగతి ఏముంటుంది? ఖరగ్‌పూర్‌లో ఇంకో కాపురం ఉందని ఒకత్తె, రాయగడలో పిల్లాడు కూడా పుట్టాడని ఇంకొకత్తె. చూసినట్టే చెప్పేవాళ్ళు. మా అమ్మ పోలీసు కంప్లైంటు కూడా ఇవ్వలేదు. 'మొగుడు ఎక్కడున్నాడో దానికి తెలుసు కాబట్టే ఇవ్వలేదు' అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ కుళాయి దగ్గర నవ్వులపాలు చేసి పోయిన మగాడి మీద నాకు జాలి ఎప్పుడూ కలగలేదు. అసహ్యమే.

అమ్మ మాత్రం బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ముసలిదయ్యాక నా దగ్గరికి మాంగో వచ్చేసింది. అన్నయ్య కూతురికి సంబంధం కుదిరినప్పుడు గొడవ మొదలైంది. తాత ఉన్నట్టో పోయినట్టో తేలందే పెళ్ళి ఎలా చేస్తారని మగపెళ్ళివారు అడిగారు. ఇన్నేళ్ళు కనబడని మనిషికి దర్భబొమ్మ చేసి కర్మ జరిపించెయ్యచ్చని పంతులుగారు చెప్పారు. అన్నయ్య సరేనన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"బతికున్నోడికి పిండం ఎడతావేటిరా? సచ్చిపోతే ఏ తిథిన సచ్చిపోనాడో సెప్పు, అప్పుడు తీత్తాను బొట్టు" అంది.

తిథి ఎవరు చెబుతారు? అన్నయ్య కోపంతో రెండు నెలలు మా ఇంటికి రావడం మానేశాడు. ఇల్లు అలా తగలబడుతుంటే మా ఆయన ఎవరో గాయని పుట్టినరోజుకి బ్యానరు కట్టిస్తున్నారు. ఆయన మీద నాకు ఎంత మండిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఆదివారం పొద్దున్న నేనూ హాలుకి వెళ్ళాను. వెళ్ళకపోతే నలుగురూ అడుగుతారు. అమ్మ రానంది. "సచ్చినోళ్ళ లెక్కలు నాకేల" అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. అన్నయ్య రాలేదు గానీ వదిన వచ్చింది. వదినకి ఎక్కడికెళ్ళినా ఫోనులో వీడియో తీసే అలవాటు. ఉప్మాని కూడా తీస్తుంది.

గ్రూపు సెక్రటరీగారు ముందు తన గురించి తాను మాట్లాడుకుని మైకు మా ఆయనకి ఇచ్చారు. ఈయన మొదలుపెట్టారు. గాయని పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, మొదటి కచేరీ. తరువాత ప్లేటు. తరువాత వీణ విద్వాంసుడి వర్ధంతి. ముందు వరసలో ఇద్దరు కునుకు తీస్తున్నారు. ఇంతలో ఈయన కాస్త ఆగి, అదే గొంతుతో, అంతే మామూలుగా ఇంకో మాట అన్నారు.

"అలాగే వైశాఖ బహుళ తదియ, సన్నాయి తవిటయ్యగారి వర్ధంతి."

ఆ తరువాత మళ్ళీ వీణ విద్వాంసుడి శిష్యుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎవరూ పట్టించుకోలేదు. ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. దేశంలో ఉన్న పెద్దవాళ్ళు చాలక, ఊరూ పేరూ లేని తవిటయ్యల్ని కూడా తవ్వి తీస్తున్నాడు ఈయన, అనుకున్నాను. మా నాన్న గుర్తుకు రాలేదు. మా నాన్న పేరు అప్పలస్వామి కదా.

ఆటోలో ఇంటికి వస్తూ అడిగాను, ఆ తవిటయ్య ఎవరని. ఏ తవిటయ్య అన్నారు. ఇందాక మైకులో చెప్పారుగా అన్నాను.

"నేనెప్పుడన్నానే? కసమ్‌సే, ఒట్టు, ఆ పేరే నాకు తెలవదు. వీణాయన తరవాత శిష్యుల గురించే సెప్పాను" అన్నారు.

వయసు మీద పడింది, మతిమరుపు మొదలైందన్నాను. ఆయనకి రోషం వచ్చింది. కాగితం లేకుండా చెప్పే మనిషికి మతిమరుపు అంటే ఎలా ఉంటుంది! బ్రిడ్జి దాటేలోపు మేమిద్దరం గొంతులు పెంచేసుకున్నాం. ఆటో నడిపే అబ్దుల్ అద్దంలోంచి చూసి నవ్వుకున్నాడు.

ఇంటికి రాగానే వదిన దగ్గర్నుంచి వీడియో తెప్పించాను. ఈయన పరువు తియ్యాలని సౌండు పూర్తిగా పెంచి పెట్టాను. ఆ మాట దగ్గరికి వచ్చింది. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. గొంతు ఆయనదే, మొహం ఆయనదే, పెదాలు కదిలిన తీరూ సరిగ్గానే ఉంది. మా ఆయన ఫోను లాక్కుని మళ్ళీ పెట్టుకుని విన్నారు. మొహం పాలిపోయింది. గెలిచానని నేను నవ్వాను.

వెనక నుంచి చేట కింద పడిన చప్పుడయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బియ్యం నేలంతా చెల్లాచెదరయ్యాయి.

"అదేటే? మల్లీ ఎయ్యి" అంది.

వేశాను. మళ్ళీ వెయ్యమంది. మూడోసారి విన్నాక గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఆ పేరు మీ ఆయనకి ఎవులు సెప్పారే?"

ఎవరా తవిటయ్య అని అడిగాను. చెప్పడానికి అమ్మకి చాలాసేపు పట్టింది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా. మా వైపు ఆడవాళ్ళకి ఇదొక పట్టింపు. రేషను షాపులో అడిగినా పక్కవాళ్ళతో చెప్పిస్తారు. చివరికి వేలితో వీడియో వైపు చూపించి, "మీ అయ్యే" అంది.

అప్పుడు బయటపడింది సంగతి. నాన్నకి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదట. ఈ పిల్లాడైనా బతకాలని పురిట్లోనే గుప్పెడు తవుడుకి పక్కింటివాళ్ళకి అమ్మినట్టు చేసి, మళ్ళీ తీసుకుని, తవిటయ్య అని పేరు పెట్టారు. అప్పలస్వామి ఆయన పెదనాన్న కొడుకు. ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది ఆ అప్పలస్వామికి. అతను వచ్చి, కొలిమి వేడి చూసి భయపడి, వారానికే ఊరు పారిపోయాడు. ఆ గేటు పాసు పట్టుకుని మా నాన్న లోపలికి వెళ్ళాడు. ఫొటోలు సరిగ్గా చూసే రోజులు కావు. అలా చేరినవాళ్ళు ఇంకా ఉన్నారని అమ్మ అంది. బతికినంతకాలం ఇక్కడ ఆయన అప్పలస్వామే. మా సర్టిఫికెట్లలోనూ అదే పేరు. ఊళ్ళో పేరు మాతో చెబితే మేం ఎక్కడ నోరు జారుతామోనని చెప్పలేదు.

కంప్లైంటు ఇవ్వకపోవడానికి కారణమూ అదే. ఏ పేరుతో ఇస్తుంది? అప్పలస్వామి తప్పిపోయాడంటే పోలీసులు ఊరు వెళ్తారు, అక్కడ అసలు అప్పలస్వామి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఉంటాడు. దొంగపాసు బయటపడితే అన్నయ్యకి అదే ఫ్యాక్టరీలో పని దొరకదని భయపడింది. కుళాయి దగ్గర అన్ని మాటలూ పడి నోరు మూసుకుంది. నాకు ఇది అప్పటిదాకా తెలియదు. వింటుంటే ఆ ఆడవాళ్ళని జుట్టు పట్టుకుని ఈడ్వాలనిపించింది.

"బగుళ తదియన్నాడా?" అని అడిగింది అమ్మ. అవునన్నాను. "వైశాకం పున్నమెల్లిన రెండోనాడు ఎల్లాడే మీ అయ్య. ఇదియనాడు. రైలెక్కేముందు నాను ఎన్నెల ఎలుగులో అన్నం మూట కట్టినాను. అంటే మర్నాడేనే. మర్నాడే సచ్చిపోనాడు."

ఆ మాట అంటూ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

"నన్నొగ్గీసి పోనేదే! మనల్ని ఒగ్గీసి పోనేదే మీ అయ్య!"

నేను నమ్మలేదు. అనుభవం కాబట్టి నిజం రాయాలి. అమ్మ అలా ఊగిపోతుంటే నేను మా ఆయన్ని గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి నిలదీశాను. అత్తగారి గొడవ తీర్చడానికి నాటకమాడారా అని. నాటకమే అయితే ఆయనకి ఆ పేరు ఎలా తెలుస్తుంది? మా పెళ్ళి నాటికే ఆ పెదనాన్న కొడుకు పోయాడు. మా ఆయన మా ఊరు ఎప్పుడూ వెళ్ళలేదు. వాళ్ళది మూడు తరాల రైల్వే కుటుంబం, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన మనిషి.

సరే, పేరు ఎవరో ఎప్పుడో చెప్పారనుకుందాం. మరి తిథి? ఈయనది అంతా ఇంగ్లీషు తారీఖుల బతుకు. పాడ్యమి నుంచి వరసగా చెప్పమన్నాను. పాడ్యమి, దశమి, పంచమి అన్నారు. ఆ పైన ఏకాదశి అని ఆగిపోయారు. తదియ అంటే ఏమిటని అడిగితే 'వినాయకచవితి ముందొస్తది, అదేనా' అన్నారు. వినాయకచవితి ఒక్కటే ఆయనకి సరిగ్గా తెలిసిన తిథి, అదీ ఉండ్రాళ్ళ వల్ల.

క్యాలెండరు చూశారేమోనని గోడ దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో ఉన్నది మిఠాయి దుకాణంవాళ్ళిచ్చిన హిందీ క్యాలెండరు. ఆ ఆదివారం గడిలో జ్యేష్ఠ కృష్ణ తృతీయ అని ఉంది. ఇక్కడివాళ్ళకి పున్నమి వెళ్ళగానే నెల మారిపోతుంది, మనకి అమావాస్య దాకా మారదు. అంటే వాళ్ళ జ్యేష్ఠం, మనకి ఇంకా వైశాఖమే. గోడ మీద చూసి చెప్పి ఉంటే జ్యేష్ఠం అనాలి. ఆయన అన్నది వైశాఖం. తెలుగు పంచాంగం మా ఇంట్లో లేదు. ఆయన ఫోనంతా వెతికాను, అందులోనూ లేదు. అన్నేళ్ళు ల్యాబులో తప్పులు పట్టుకున్నదాన్ని, ఇక్కడ తప్పు ఎక్కడుందో పట్టుకోలేకపోయాను.

సాయంత్రానికి అన్నయ్య వచ్చాడు. మొదట నన్ను తిట్టాడు, తరువాత మా ఆయన్ని అనుమానంగా చూశాడు. ఊళ్ళో బతికున్న ఒక మేనత్తకి ఫోను చేశాడు. తవిటయ్య అనగానే ఆవిడ అటువైపు నుంచి, "ఓలమ్మా, ఆ పేరు ఇని ఎన్నాల్లయిపోనాది! మా అన్న కబురేటైనా తెలిసిందేటి?" అని ఏడుపు అందుకుంది. అన్నయ్య ఫోను పెట్టేసి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి అమ్మ తలస్నానం చేసి ఉంది. నుదురు ఖాళీగా ఉంది. గాజులు తానే తీసి పక్కన పెట్టుకుంది. ఎవరినీ రమ్మనలేదు, ఏ తంతూ చెయ్యనివ్వలేదు. ఆటో పిలవమంది. గోల్‌మురి వెళ్ళాలంది. వద్దన్నా వినలేదు, నేనూ ఎక్కాను.

మా పాత వీధిలో కుళాయి ఇప్పుడు లేదు. అప్పటి ఆడవాళ్ళలో ఒకత్తె మిగిలి ఉంది. రాయగడలో పిల్లాడు పుట్టాడని చెప్పింది ఆవిడే. మంచం మీద కూర్చుని పళ్ళు లేని నోటితో టీలో రస్కు నానబెట్టుకుంటోంది. అమ్మని చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నుదురు వైపు చూసి, "ఓలమ్మో, ఎప్పుడే? అయితే ఆడి కబురు తెలిసిందా?" అంది.

అమ్మ ఆవిడ మంచానికి ఎదురుగా నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ అంత నిటారుగా నిలబడగా నేను చూడలేదు.

"తెలిసింది. మా ఆయన సచ్చిపోనాడు. ఎల్లిన మర్నాడే సచ్చిపోనాడు. పేరు తవిటయ్య."

మొగుడి పేరు అమ్మ నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఆ ముసలావిడకి అది ఏమీ అర్థం కాలేదు. రస్కు టీలో పడిపోయింది, దాన్ని వెతుక్కుంటోంది. అమ్మకి అదీ అక్కర్లేదు. వెనక్కి తిరిగి ఆటో ఎక్కేసింది. దారిలో అప్పుడు ఏడ్చింది, బ్రిడ్జి దాటేదాకా.

నాన్న ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో మాకు తెలియదు. రైల్లోంచి జారిపోయాడో, గుండె ఆగిందో. ఏ స్టేషన్లోనో దిక్కులేని శవమని కాల్చేసి ఉంటారు. మైకులో ఆ సంగతి రాలేదు. అన్నయ్య కర్మ జరిపించాడు, పంతులుగారు అడిగితే పేరూ తిథీ రెండూ చెప్పాడు. పెళ్ళీ అయింది. మా ఆయన కొన్నాళ్ళు భయపడి గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. నా పుట్టినరోజు మాత్రం ఇంకా తెలియదు.

నేను దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఆ వీడియో నా ఫోనులో ఉంది, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకరోజు చిరాకెత్తి అమ్మతోనే అనేశాను: ఇన్నేళ్ళు నోరు విప్పని మనిషి, చెప్పాలనుకుంటే కన్నకూతురినైన నాకు చెప్పచ్చుగా, కొడుక్కి చెప్పచ్చుగా, సరిగమలు కూడా తెలియని మా ఆయన నోరే దొరికిందా అని.

అమ్మ బియ్యంలోంచి తల ఎత్తలేదు.

"నువ్వెప్పుడైనా మీ అయ్య మాట ఇన్నావేటే? సచ్చిపోయినోల్ల పేర్లు దినామూ తలిసేవోడు ఈ ఊర్నో మీ ఆయనొక్కడే. మరింకెవులికి సెప్తాడు?"